రాజేశం కొత్త ఇంటికి వెళ్ళిరా

నర్సవ్వా, ఒమన్‌లోని ఈ దుక్మ్ క్యాంపులో బాగానే ఉన్నాను.

ఒలింపిక్స్‌లో కొత్త దేశం దక్షిణ సూడాన్ తొలిసారి కవాతులో నడిచింది. ముగ్గురే ఆటగాళ్ళు. మెస్ టీవీ ముందు మా క్రేన్ డ్రైవర్ ఇద్రీస్, సూడాన్ వాడు, లేచి చప్పట్లు కొట్టాడు. "మీ నుంచి చీలిపోయినోళ్లకు చప్పట్లేంది భాయ్?" అన్నాను. వచ్చీరాని హిందీలో, "చీలినప్పుడు ఏడ్చాను చాచా. ఓడిపోవాలని ఎప్పుడైనా అనుకున్నానా?" అన్నాడు.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? మందు మానకు.

నీ మరిది రాజేశం వేరుపడుతూ నా పుస్తకాలు సగం పట్టుకెళ్ళి తూకానికి అమ్మాడు. అది మరవను. అయినా దసరాకు వాడి గృహప్రవేశానికి వెళ్ళు, వద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగిలిన సగంలోంచి, చిన్నప్పుడు నేను వాడికి చదివి వినిపించిన బొమ్మల పుస్తకం ఇచ్చిరా. అదీ అమ్మితే రాయి, తిట్టడానికి నేనున్నాను.

ఇరు ఇళ్ల పిల్లలకూ నా దీవెనలు.

పోచన్న