పదిహేనుకు పదిహేను

నంద్యాల,
17 సెప్టెంబర్ 2025, బుధవారం.

ప్రియమైన నాయనకు,

నీ కూతురు ప్రియదర్శిని వందనాలతో రాసే ఉత్తరం. దేవుని దయ వల్ల నేనిక్కడ బాగున్నాను. నువ్వూ అమ్మా కూడా బాగున్నారని తలుస్తాను. ఇది చదివి వినిపిస్తున్న కృపావతత్తకు వందనాలు. అత్తా, మధ్యలో ఆపి నాయనకు అర్థం చెప్పే పని పెట్టుకోకు, అర్థమయ్యేటట్టే రాస్తున్నాను.

ఫోనుండగా ఉత్తరమేందని నువ్వు అనుకుంటావు. ఫోన్లో "తిన్యావా, పండుకున్యావా, సరే పెట్టేస్తాండా" అంటావు. నా మాట నోట్లోనే ఉండిపోతుంది. కాగితాన్నయితే పెట్టేయలేవు కదా.

ఈ నెల మొదటి నుంచి నన్ను తలకాయ ఆపరేషన్లు చేసే వార్డులో వేశారు. హౌస్ సర్జన్లం ఒక్కో వార్డులో కొన్నాళ్లు పనిచేస్తూ తిరుగుతాం. అన్నిటికన్నా ఇదే కష్టమని ముందే చెప్పారు. పెద్ద డాక్టరు ఫ్రాన్సిస్ సార్ పొద్దున ఎనిమిదికి రౌండ్స్ మొదలుపెడితే పదకొండు దాకా ఎవరూ కూర్చోరు. ఆయన గొంతు పెంచరు, అదే భయం. నాతోపాటు చేరిన వినయ్ ఒకరోజు జ్వరం చూడకుండానే అంకె రాశాడు. సార్ ఆ కాగితాన్ని మడిచి అతని జేబులో పెట్టి, "ఇది నీ జ్వరం, నువ్వే ఉంచుకో. నాకు పేషెంటుది కావాలి" అన్నారు. వినయ్ ఈ వార్డు మళ్లీ మొదటి నుంచి చేయాలి.

నా పని వినడానికి తేలిక. ఆపరేషనయిన వాళ్లను రెండు గంటలకొకసారి పలకరించాలి. కళ్లు తెరుస్తున్నారా, చేయెత్తమంటే ఎత్తుతున్నారా చూసి, పేరేంది, ఇది ఏ ఊరు, ఈ రోజు ఏ వారం అని అడగాలి. దానికి మార్కులుంటాయి. పదిహేనుకు పదిహేను వస్తే మనిషి తెలివిగా ఉన్నట్టు. ఒక్కటి తగ్గినా పెద్దవాళ్లను పిలవాలి. పుర్రె లోపల నెత్తురు మళ్లీ గడ్డకడుతుంటే చాలాసార్లు మొదట తెలిసేది ఆ ఒక్క మార్కులోనే.

నాలుగో బెడ్డులో దాసరయ్య అనే చెంచు పెద్దాయన ఉన్నాడు. మన రుద్రవరం అవతల అడవిలో వాళ్ల గూడెం. తేనె కోసం చెట్టెక్కి జారిపడ్డాడు. భార్య భూదేవమ్మ మంచం పక్కనే కింద కూర్చుని ఉంటుంది. శుక్రవారం ఆపరేషనయ్యాక ఆయన బాగా తేరుకున్నాడు. ఆదివారం నేను ఏ వారమని అడిగితే, "ఆదివారం గదమ్మా. నువ్వు సర్చికి పోకుండా నా కండ్లల్లో లైటేస్తాండావే, మీ పాస్టరుకు చెప్తా చూడు" అన్నాడు. భూదేవమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

సోమవారం పది గంటలకు నేను వెళ్లేసరికి నా వెనక నలుగురు జూనియర్లు నోటుపుస్తకాలు పట్టుకుని నిలబడ్డారు. దాసరయ్య పేరు చెప్పాడు. నంద్యాల అన్నాడు. ఏ వారం అని అడిగితే నా వైపు చూశాడు, పైకప్పు వైపు చూశాడు, తర్వాత మెల్లగా నవ్వి, "యాదో ఒకటి నువ్వే రాసుకోమ్మా" అన్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

నాయనా, ఆ నవ్వు నాకు తెలుసు. నాకు పదకొండేళ్లప్పుడు ఆధార్ కార్డు ఫోటో దిగడానికి ఆళ్లగడ్డకు పోయాం. కంప్యూటర్ ముందున్నాయన నువ్వెప్పుడు పుట్టినావని అడిగితే, వానకు శనగ పంట మునిగిన ఏడని చెప్పావు. వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నువ్వు కూడా వాళ్లతోపాటు నవ్వి, "యాదో ఒకటి ఏసుకోప్పా" అన్నావు. ఆయన జనవరి ఒకటి అని కొట్టాడు. నీ చేయి పట్టుకుని ఉన్నాను కాబట్టి అది ఎట్లా చెమట పట్టిందో నాకు తెలుసు.

అందుకని దాసరయ్యను ఇంకో ప్రశ్న అడగలేదు. గూడెం మనిషికి వారాలెందుకు, ఈ నలుగురి ముందు ఆయన్ని నిలబెట్టడం దేనికి అనుకున్నాను. ముందు రోజు ఆయనే ఆదివారమని చెప్పిన సంగతి ఆ నిమిషంలో గుర్తుకు రాలేదు. పదిహేను అని రాసి, కాగితం తిప్పేసి, అయిదో బెడ్డుకు పోయాను.

పన్నెండు కాకముందే భూదేవమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "అమ్మా, ఆయప్ప నన్ను నువ్వెవురని అడుగుతాండాడు. ఎగతాళికి అంటాండాడనుకున్యా. కాదు" అంది. పోయి చూస్తే పిలిస్తేనే కళ్లు తెరుస్తున్నాడు. పదమూడు. ఒక కంటిపాప లైటుకు నిదానంగా ముడుచుకుంటోంది. సీనియర్ డాక్టరు యెషయా అన్న పరుగున వచ్చాడు. స్కాన్ తీశారు. మూడు గంటలకల్లా మళ్లీ ఆపరేషన్ చేసి గడ్డ తీశారు.

దాసరయ్య బతికాడు. మాట్లాడుతున్నాడు. ఎడమ చేత్తో మాత్రం గట్టిగా పట్టుకోలేకపోతున్నాడు. రెండు గంటలు ముందు తీసి ఉంటే ఆ చేయి బాగుండేదా అని యెషయా అన్నను వేరే ఎవరి గురించో అడిగినట్టు అడిగాను. ఉండొచ్చు, ఉండకపోవచ్చు అన్నాడు.

సార్ చార్టు చూశారు. పది గంటలకు పదిహేను, పన్నెండు గంటలకు పదమూడు. గడ్డ ఒక్కటే అయితే ఇంత తొందరగా పడిపోదు, నిద్రమందు కూడా ఏదైనా ఇచ్చారేమోనని, ఆ పూట డ్యూటీలో ఉన్న కరుణ సిస్టర్‌ను గురువారం పొద్దుటికల్లా రాతపూర్వకంగా జవాబివ్వమన్నారు. ఆమె అవుకు నుంచి వచ్చి ఇక్కడ కాంట్రాక్టు మీద చేస్తోంది. నా దగ్గరికొచ్చి, "ఏమి ఇచ్చినానని రాయాల పాపా? ఇయ్యంది ఎట్లా రాసేది? నువ్వు సదువుకున్యావు, నువ్వే చెప్పు" అంది.

సార్‌కు జరిగిందంతా చెప్పాను నాయనా. ఆయన ఏమీ అనలేదు. కరుణ సిస్టర్ మీద పడిన మాట కూడా పోయింది. కాబట్టి నువ్వు దిగులు పెట్టుకోవద్దు.

నాట్లు అయిపోయాయా? అమ్మ మోకాలికి నేను పంపిన పట్టీ పొద్దున లేచాక వేసుకోవాలి, పండుకునేటప్పుడు కాదు. మన సంఘంలో అందరికీ నా వందనాలు చెప్పు.

నీ కూతురు,
ప్రియదర్శిని

తా.క. కృపావతత్తా, ఇది కూడా గట్టిగానే చదువు.

నాయనా, సార్‌కు చెప్పానని పైన రాసింది నిజం కాదు. నిన్న రెండుసార్లు ఆయన గది దాకా పోయి, తలుపు దగ్గరి బోర్డు చదువుకుని తిరిగొచ్చాను. ఏమీ అనలేదని రాశాను, అనడానికి నేను చెప్తే కదా. చెప్పేసినట్టు నీకు రాసుకుని, మళ్లీ చదువుకుంటే హాయిగా అనిపించింది. అప్పుడు భయం వేసింది. దాసరయ్య చార్టు మీద పదిహేను వేసినప్పుడు కూడా నాకు ఇట్లానే హాయిగా అనిపించింది.

పైన రాసింది చింపేయడం లేదు. మా వార్డులో తప్పు రాస్తే కనపడకుండా కొట్టేయకూడదు. దాని పక్కనే నిజం రాసి, టైము వేసి, సంతకం పెట్టాలి. అట్లే చేస్తున్నాను.

బుధవారం, సాయంత్రం అయిదు గంటలు. ఇంకా చెప్పలేదు.
ప్రియదర్శిని

గురువారం, పొద్దున తొమ్మిదింబావు. రౌండ్స్‌లో అందరి ముందూ చెప్పాను. కరుణ సిస్టర్ అక్కడే ఉంది, తల ఎత్తి నా వైపు చూడలేదు. సార్ తన చేతిలోని ఆమె జవాబు కాగితాన్ని ఆమెకే తిరిగి ఇచ్చేశారు. భూదేవమ్మకు కూడా నేనే చెప్పాలి, అది మధ్యాహ్నం. నేను ఈ వార్డు మళ్లీ మొదటి నుంచి చేయాలి నాయనా. ఈ నెల ఇంటికి రాను.
ప్రియదర్శిని