గేటు బయట సగం, లోపల సగం

అమ్మడూ,

కాన్పుల వార్డు మూసేయకుండా మీ నర్సుల సంఘం గెలిచిందట! పేపర్లో నీ ఫోటో వీధి వీధంతా తిప్పి చూపించాను.

"నర్సువి, నీకెందుకే ఈ సమ్మెలు?" అని తిట్టిన నోరే ఇది. నువ్వు చర్చలకని పట్నం వెళ్లిన మర్నాడే నీ చెల్లికి నొప్పులొచ్చాయి. సమ్మె కదా, లోపల ఎవరూ ఉండరనుకుని, ఆసుపత్రి గేటు దగ్గర నినాదాలిస్తున్న నర్సుల కాళ్లు పట్టుకోబోయాను.

"ఇదేంటి తాతగారూ! ఈ గంట మా వంతు బయట. సగంమంది లోపలే ఉన్నారు, పదండి" అంటూ వాళ్లే చక్రాల కుర్చీ తోసుకెళ్లారు.

ఆడపిల్ల పుట్టిందమ్మా! తల్లీబిడ్డలిద్దరూ క్షేమం. ఈ వార్డే లేకపోతే పట్నం తీసుకెళ్లే దారిలోనే ప్రాణం మీదికొచ్చేదని డాక్టరమ్మ అంది.

నిన్నన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. చర్చలు ముగిశాయిగా, పెద్దమ్మవయ్యావు, వచ్చి బిడ్డనెత్తుకో.

మీ నాన్న