షెడ్డు మీద సంతకం పెట్టొద్దు

నాయనా,

సంగటి ఉట్టిలో పెట్టాను, తిను. ఇనుప షెడ్డు అమ్మే మనిషి ఈ పూట మళ్లీ వస్తాడు, సంతకం మాత్రం పెట్టొద్దు. "ఎవురో తీసుకుంటామని మళ్లా వద్దనుకున్నారన్నా, ఇదొక్కటే మిగిలింది, ఈ పొద్దే చెప్పాల" అని నిన్న నిన్ను తొందరపెట్టాడు కదా. అతను చూపించిన ఫోటోలోని షెడ్డు ఎవరిదో కనుక్కుని ఫోన్ చేశాను. "నాకూ అదే మాట చెప్పినాడు పాపా. తలుపులకు, బోల్టులకు మళ్లా వేరే దుడ్లు అడిగినాడు" అన్నాడాయన.

చెనక్కాయలు తడవకుండా మనకు షెడ్డు కావాల్సిందే. గుమ్మఘట్టలో గాలివానకు నిలబడిన షెడ్డు ఒకటి ఉందట, చూసి వస్తాను.

నిన్న నేను తొందరపడొద్దంటే అతని ముందు "ఆడపిల్లకేం తెలుస్తాది" అన్నావు, మనసు నొచ్చుకుంది. పొద్దున మాత్రం "పాప చెప్పేదీ నిజమే" అన్నావని అమ్మ చెప్పింది. నవ్వుకుంటూ బస్సెక్కుతున్నాను.

భారతి

అతను మరీ విసిగిస్తే, "మా పాపను అడగాల" అని చెప్పు.