బ్రేకు పట్టీకి చుట్టిన తీగ

వెస్ట్ కార్బెట్, వెర్మాంట్
1999 ఏప్రిల్ 18

ప్రియమైన లూసియన్ అన్నయ్యకు,

నీ ఉత్తరం అందింది. పాత ఇనుము కొనేవాడు సోమవారం వస్తాడనీ, కొట్టంలో మూలనపడ్డ చైన్ ట్రాక్టర్ని వాడికి అప్పజెప్పమనీ రాశావు. వాడు వచ్చాడు. లారీ, గొలుసులు అన్నీ తెచ్చుకున్నాడు. నేను కొట్టం తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"మీ అన్నగారు ఒప్పుకున్నారు కదమ్మా?" అన్నాడు.

"మా అన్న అరిజోనాలో ఉన్నాడు. బండి ఇక్కడుంది. నేనూ ఇక్కడే ఉన్నాను. వచ్చిన దారినే వెళ్లు నాయనా" అన్నాను.

వెళ్లిపోయాడు. ఆ బండిని నేను బాగు చేయబోతున్నాను. నువ్వు అరిచి గీపెట్టినా సరే.

కారణం కావాలా? మార్చిలో మంచు కరిగి వచ్చిన వరదకు ఇంటి దారి కింది తూము కొట్టుకుపోయింది. కారు వాగు అవతల ఉండే వెండెల్ టటిల్ గారి పెరట్లో వదిలి, పిండి బస్తా భుజాన వేసుకుని వాగు దాటి నడుస్తున్నాను. అది మా రోడ్డు కాదు, మీ సొంత దారి అంటారు ఊరి ఆఫీసువాళ్లు. తవ్వే మిషన్లున్నవాళ్లకు శీతాకాలం దాకా తీరిక లేదట. మన బండికి ముందు మట్టి నెట్టే బ్లేడు ఉంది, వెనక తవ్వే చెయ్యి ఉంది. ఇంకొకరి గడప ఎందుకు తొక్కాలి?

ఇది పైకి చెప్పే కారణం. అసలుది ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఫిబ్రవరిలో నాన్న మంచం మీద ఉన్నప్పుడు చెంచాతో సూప్ తాగిస్తూ, ఊరికే మాటవరసకు అన్నాను, ఆ చైన్ బండి మళ్లీ నడిపించవచ్చేమో అని. ఆయన నోరు పక్కకు తిప్పుకున్నారు. "నువ్వు దాన్ని ముట్టుకోకు. ఒకసారి చేసింది చాలదా?" అన్నారు. నాతో ఆయన అన్న ఆఖరి మాట అదే. తొమ్మిదేళ్లు ఆయనకు స్నానం చేయించిన చేతులివి. ఆ చేతుల్తోనే మూతి తుడిచి, గిన్నె తీసుకుని వంటగదిలోకి వెళ్లి నిలబడ్డాను.

నాకప్పుడు పద్నాలుగేళ్లు, నీకు పదిహేడు. నువ్వు బ్లేడు కింద కూర్చుని కొత్త అంచు బిగిస్తున్నావు. నేను సీటు మీద ఉన్నాను. కొట్టం అవతల నుంచి నాన్న నీళ్లు తెమ్మని కేకేశారు. బ్రేకు తొక్కి, అది పైకి లేవకుండా పట్టి ఉంచే కొక్కెం వేసి దిగాను. కొక్కెం పడిన చప్పుడు విన్నాను అన్నయ్యా. పది అడుగులు వేశానో లేదో బండి వాలులోకి కదిలింది. నీ కాలు పోయింది. ఆ రోజు నుంచి నేను కొక్కెం వేయడం మరిచిన పిల్లనయ్యాను. స్కూలు వంటశాలలో ఇరవై ఆరేళ్లు ఊరి పిల్లలందరికీ వండిపెట్టాను. అయినా నాన్న బతికున్నంతకాలం గడ్డి కోసే మిషను కూడా నా చేతికివ్వలేదు. నువ్వూ ఎన్నడూ నన్ను ఒక్క మాట అనలేదు. అందుకు నీకు ఎంత రుణపడ్డాననుకున్నానో!

వేశాను. కొక్కెం వేశాను. ఆ సీటు మీద మళ్లీ కూర్చునే ఈ మాట అంటాను.

నీ చెల్లెలు,
ఒడీల్


వెస్ట్ కార్బెట్
మే 23

అన్నయ్యా,

మూడు ఉత్తరాలు రాసినా జవాబు లేదు. కోపం వచ్చిందేమో. రానీ. ఇది మాత్రం చదువు.

వెండెల్ గారికి ఎనభై దాటాయి. జిల్లా షెడ్డులో నలభై ఏళ్లు లారీలు విప్పినాయన. ఇప్పుడు చేతులు వణుకుతాయి, నోరు వణకదు. స్టూలు మీద కూర్చుని తిడతారు, నేను పని చేస్తాను. ముప్పై ఎనిమిదేళ్లు కదలని ఇంజను, పిస్టన్లు పట్టేశాయి. ప్లగ్గులు తీసి రంధ్రాల్లో నూనె పోసి రెండు వారాలు నాననిచ్చాం. రోజూ ఇంజను చక్రానికి కడ్డీ పెట్టి కొంచెం అటు, కొంచెం ఇటు.

"లాగకు! అదేమన్నా బీన్స్ కుండా గరిటె పెట్టి తిప్పడానికి?"

"బీన్స్ కుండయితే ఈపాటికి ఉడికేది. మీరు చెప్పేది త్వరగా చెప్పండి" అన్నాను.

పదహారో రోజున బొటనవేలంత కదిలింది. ముసలాయన టోపీ తీసి నేలకేసి కొట్టారు. తర్వాత కార్బురేటర్లో ఎలుకల గూడు, పగిలిన హైడ్రాలిక్ పైపులు, ఒక్కో లింకూ సుత్తి దెబ్బలకు గానీ లొంగని చైన్లు. తవ్వే చేతి సిలిండరు నూనె కక్కుతుంటే దాన్ని విప్పి లోపలి రబ్బరు సీళ్లు నేనే మార్చాను. నా గోళ్ల కింద నలుపు చూసి చర్చిలో కొందరు మొహాలు చిట్లించారు. వాళ్లకు షేక్‌హ్యాండ్ ఇచ్చి మరీ వచ్చాను. పోయిన శుక్రవారం ఇంజను దగ్గింది, నీలం పొగ వదిలింది, ఆడింది. నేను అరిచిన అరుపుకు వెండెల్ గారి కుక్క పారిపోయింది.

ఆ మర్నాడు బ్రేకు మూత విప్పాం. బండిని ఆపి ఉంచే కొక్కెం ఎడమ బ్రేకుకు ఒక్కదానికే ఉంది, నీకు గుర్తుండే ఉంటుంది. ఆ బ్రేకు ఇనుప పట్టీ రెండు ముక్కలై ఉంది. ముక్కల్ని కలుపుతూ కంచె తీగ చుట్టి ఉంది. తీగ తెగిపోయి ఉంది.

వెండెల్ గారు ఈసారి తిట్టలేదు. తీగ కొసలు వేళ్లతో తడిమి, "ఎవరో విరిగిన పట్టీని తీగతో కట్టి, మూత బిగించేశారమ్మాయ్. నువ్వు కొక్కెం వేశావు. వేశావు కాబట్టే బరువంతా ఈ తీగ మీద పడింది. కాసేపు ఆగి తెగింది" అన్నారు.

"మళ్లీ చెప్పండి" అన్నాను.

మళ్లీ చెప్పారు. మూడోసారి కూడా చెప్పించుకున్నాను.

మన ఇంట్లో దేన్నైనా తీగతో కట్టేది ఎవరు? నాన్నే కదా! ఆయనకు అంతా తెలుసు. తెలిసే ఆ బండిని కొట్టంలోకి తోయించి, మళ్లీ ఎవరినీ విప్పనివ్వలేదు. తప్పు తనదైతే దాన్ని పద్నాలుగేళ్ల పిల్ల నెత్తిన పెట్టి పోయారు. ఆ పట్టీ తీసుకుని శ్మశానానికి వెళ్లాను. ఆయన సమాధి రాతి మీద పెట్టాను. "చూడండి" అన్నాను. ఏడవలేదు. పట్టీని అక్కడ వదల్లేదు కూడా, ఇంటికి తెచ్చుకున్నాను. ఇకమీదట చర్చిలో ఆయన పేర కొవ్వొత్తి వెలిగించను. నువ్వేమనుకున్నా సరే.

ఒడీల్


ట్యూసన్, అరిజోనా
జూన్ 3

చెల్లీ,

కొవ్వొత్తి మానకు. ఆ తీగ నాన్న కట్టలేదు. నేను కట్టాను.

ప్రమాదానికి వారం ముందు నాన్న కెనడాలోని క్యూబెక్‌కు, బాబాయి అంత్యక్రియలకు వెళ్లారు, గుర్తుందా? నేను లేనప్పుడు బండి ముట్టుకోవద్దని నాకు గట్టిగా చెప్పి వెళ్లారు. నేను దాన్ని తీసి కొండ మీద మొద్దులు పీకాను. వాలులో ఎడమ పట్టీ టప్పున విరిగింది. నాన్న చేతిలో దెబ్బలు తప్పవని తీగ చుట్టి మూత బిగించాను. కొత్త పట్టీ ఎలాగో సంపాదించి వేసేద్దామనుకున్నాను. ఇంతలో నాన్న వచ్చేశారు. తీగ ఆగుతుందిలే అనుకుని బ్లేడు కింద కూర్చున్నాను.

ఆసుపత్రిలో కళ్లు తెరవగానే ఆయన అడిగారు, "సీటు మీద చివరిగా ఉన్నదెవర్రా?" అని. "ఒడీల్" అన్నాను. అంతే. అది అబద్ధం కాదని నాకు నేను ఎన్నేళ్లు చెప్పుకున్నానో! ఆయన మొహం చూశాక రెండో మాట నోట్లోంచి రాలేదు. కాలు పోయినవాణ్ని కదా, అందరూ నా మీద జాలిపడ్డారు. ఆ జాలి వెనక దాక్కున్నాను. నిన్ను ఒక్క మాట అనలేదని రాశావే, ఆ వాక్యం దగ్గర కాగితం కింద పెట్టేశాను. బండిని పాత ఇనుము కింద అమ్మమన్నది ఎందుకో ఇప్పుడు నీకు తెలుసు.

పొలంలో నా సగం నీ పేర రాసేస్తాను. కాగితాలు పంపిస్తాను. ఒక్కటే అడుగుతున్నాను. ఇది మనిద్దరి మధ్యే ఉండనీ. నా పిల్లలకు తెలియనివ్వకు.

లూసియన్


వెస్ట్ కార్బెట్
జూన్ 27

లూసియన్ అన్నయ్యకు,

నీ ఉత్తరం చదివాక మూడు రోజులు బండి దగ్గరికి వెళ్లలేదు. వెండెల్ గారు వచ్చి తలుపు తట్టారు. "వాగు నీకోసం ఆగదమ్మాయ్" అన్నారు. వెళ్లాను.

కొత్త బ్రేకు పట్టీ బిగించి, నిన్న తూము వేశాను. వెనక చెయ్యి చాపి పాత గొట్టం ముక్కలు పీకాను. గంటకు రెండుసార్లు లీవర్ల దగ్గర తికమకపడి తవ్వే బకెట్టును గాల్లో ఊపాను, గట్టు మీదనుంచి ముసలాయన బూతులు. ఆయనతో పాటు ఊరి ఆఫీసు మనిషి కూడా నిలబడి, "ఈ బండి నడపడం ఎవరు నేర్పారు మీకు?" అన్నాడు. "ఎవరూ నేర్పలేదు. అడ్డం తప్పుకోండి" అన్నాను. కొత్త గొట్టం దింపి, బ్లేడుతో కంకర నెట్టి, దాని మీద నాలుగుసార్లు అటూ ఇటూ నడిపాను. సాయంత్రం కారు ఇంటి గుమ్మం దాకా వచ్చింది.

ఆ తర్వాత నాన్న సమాధి దగ్గరికి వెళ్లాను. ఆయన అన్నది తప్పే, కానీ నమ్మి అన్నారు. కొవ్వొత్తి వెలిగిస్తాను. ఆయన్ని క్షమించడానికి కొంత సమయం పడుతుంది. నిన్ను క్షమించడానికి అంతకన్నా ఎక్కువ పడుతుంది.

నీ సగం నాకొద్దు. కాగితాలు పంపితే పొయ్యిలో వేస్తాను. నా నోరు మూయడానికి పొలం ఇస్తావా? ముప్పై ఎనిమిదేళ్లు మూసుకున్నాను, ఉచితంగానే. ఇక మూయను. రోజాలీ అత్త తొంభై ఏళ్ల వయసులో ఇప్పటికీ నా కారెక్కదు. "నీ బ్రేకులు నమ్మలేనే" అంటుంది, క్రిస్మస్ విందులో, అందరి ముందూ. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఆమెకు నువ్వు చెప్పు. ఫోనులో కాదు, వచ్చి చెప్పు. నీ పిల్లల్ని తీసుకురా. పదిహేడేళ్ల కుర్రాడు భయపడ్డాడంటే వాళ్లు అర్థం చేసుకుంటారు. యాభై అయిదేళ్ల మనిషి ఇంకా దాక్కున్నాడంటే అర్థం చేసుకోరు.

ఆగస్టులో రా. పక్క సిద్ధం చేస్తాను, కోపంగానే అయినా కడుపునిండా వండిపెడతాను. మంచి కాలు, కర్ర కాలు రెండూ తడవకుండా ఇంటి దాకా కారులో రావచ్చు, దారి బాగుంది, నేనే వేశాను. బండి చూడాలనిపిస్తే చూపిస్తాను. ఎక్కుతానని మాత్రం అడగకు. దానికి ఒకటే సీటు.

అది నాది. నువ్వు గట్టు మీద నిలబడి చూడు.

నీ చెల్లెలే,
ఒడీల్ ఫోర్టియే