పగలు నిద్రపోయే వీధి

గోదావరిఖని,
ఆదివారం.

అమ్మకు,

నమస్కారాలు. నాన్నగారి మోకాలు ఎలా ఉంది? వదిన, పాప, మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను కులాసా అని రాస్తే మీరెవరూ నమ్మరు కాబట్టి ముందు ఆ తగువు తీర్చుకుందాం.

నా ఇంట్లో మగమనిషి ఎవరూ లేరమ్మా. అన్నయ్య చేత అంత మాట అడిగించావు చూడు, రెండు రోజులు అన్నం సహించలేదు. పోయిన వారం మంగళవారం మధ్యాహ్నం నువ్వు ఫోన్ చేసినప్పుడు దగ్గు వినిపించిన మాట నిజమే. "ఎవరే ఆ దగ్గింది?" అన్నావు. "సమ్మయ్యన్న. నిద్రపోతున్నాడు, నెమ్మదిగా మాట్లాడు" అని గుసగుసగా చెప్పి పెట్టేశాను. ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. ఆ సమ్మయ్యన్నకు యాభై ఐదేళ్లు. ఆయన దగ్గింది గోడకు అవతల, వాళ్ల ఇంట్లో. ఈ వరస ఇళ్ల మధ్య ఉన్నది ఒంటి ఇటుక గోడ. ఇదంతా ఫోన్లో చెప్పబోతే మళ్లీ గుసగుసగానే చెప్పాలి, నువ్వు మళ్లీ హడలిపోతావు. అందుకే ఈ ఉత్తరం.

వచ్చి ఐదు నెలలైంది. వచ్చిన కొత్తలో నేనెలా పరిగెత్తానో నీకు తెలుసు. పొద్దున జూనియర్ కాలేజీలో ఫిజిక్స్, మధ్యాహ్నం ఇంట్లోంచి హైదరాబాద్ కంపెనీకి ఆన్‌లైన్ క్లాసులు, సాయంత్రం ట్యూషన్లు, ఆ పైన గ్రూప్స్ పుస్తకాలు. అన్నం తింటూ పేపర్లు దిద్దేదాన్ని. పప్పు మరక మీద మార్కులు వేసిన రోజులున్నాయి.

ఈ వీధిలో అందరూ గనుల్లో పనిచేసేవాళ్లే. రాత్రి షిఫ్టు దిగి వచ్చినవాళ్లు పగలు పడుకుంటారు. గడప ముందు నల్లబూట్లు కనిపిస్తే ఆ ఇంటి మనిషి నిద్రలో ఉన్నట్టు. కూరగాయల బండి అతను కూడా బూట్లు చూసి కేక మింగేసి, బూట్లు లేని ఇంటి దగ్గరికి పోయాక మళ్లీ గొంతెత్తుతాడు. నాకు ఇదేమీ తెలియదు. ఫోన్ స్టాండుకు తగిలించి గట్టిగా పాఠం చెప్పేదాన్ని. ఒక రోజు "అర్థమైందా?" అని అడిగితే పిల్లలెవరూ పలకలేదు. గోడ అవతలి నుంచి జవాబొచ్చింది.

"అయింది మేడమ్. ఇగ జర పండుకోనియ్యి."

సిగ్గుతో చచ్చిపోయాను. సాయంత్రం క్షమించమని అడగడానికి వెళితే ఆయన భార్య లచ్చక్క ఒకటే నవ్వు. "బాంబు మోతకు లేవడు బిడ్డా, నీ మిక్సీకి లేస్తడు, నీ పాఠానికి లేస్తడు. ఏం చెవులో ఏమో!" నవ్వడం అయ్యాక బియ్యం చాట ముందుకు లాక్కుని, నా వైపు చూడకుండా అంది: "మొన్న బాయిల కూసున్నకాడనే కన్నంటుకున్నదట. పక్కోడు గుంజకపోతే టబ్బు మీదికే వచ్చేదట. నిన్ను అంటలేను. ఉన్నమాట చెప్తున్న."

బాయి అంటే ఇక్కడ బొగ్గుగని. టబ్బులంటే బొగ్గు మోసే ఇనుప బండ్లు.

మర్నాడే కంపెనీవాళ్లకు మధ్యాహ్నం క్లాసులు చెప్పలేనని రాసేశాను. కాలేజీలో కూర్చుని చెప్పుకోవచ్చు కదా అని అన్నయ్య అంటాడు. చెప్పుకోవచ్చు. మొదట నేనూ అదే అనుకున్నాను.

మొదటి వారం ఆ ఖాళీ మధ్యాహ్నాలు నన్ను తినేశాయి. సర్దిన అలమారే మళ్లీ సర్దాను. చెయ్యి ఊరికే ఫోన్ మీదికి పోయేది. తర్వాత ఏ రోజో చెప్పలేను, కిటికీ పక్కన చాప వేసుకుని కూర్చుండిపోయాను. వీధిలో ఎండ తప్ప ఎవరూ లేరు. అటు గోడలోంచి ఒక గురక, ఇటు గోడలోంచి ఒక గురక, కాసేపు జతకలిసి, కాసేపు విడిపోయి. ఎదురింటి తీగ మీద నీలం చొక్కా ఒకటి నిద్రలో నడిచే మనిషిలా చేతులు కదుపుతోంది. వాళ్లంతా ఇంకా భూమి కిందే ఎక్కడో నడుస్తున్నట్టు, నేను వాళ్ల కల అంచున కూర్చున్నట్టు అనిపించింది. మూడింటికి ఓపెన్‌కాస్టులో, అంటే నేల పైనుంచే తవ్వే గనిలో, బాంబులు పేల్చారు. గూట్లో గ్లాసులు గల్లుమన్నాయి. బిందెలో నీళ్లు వణికి, వలయాలు అంచు దాకా పోయి తిరిగొచ్చాయి. గురకలు తెగలేదు. ఆ నీళ్లు నిలకడకు వచ్చేవరకూ చూశానమ్మా. ఒకదాన్ని మొదలు నుంచి చివరి దాకా చూసి ఎన్నేళ్లయిందో.

ఆ తర్వాత ట్యూషన్లూ మానేశాను. గ్రూప్స్ పుస్తకాలు కాలేజీలో ఒకమ్మాయికి ఇచ్చేశాను. ఆ ఉద్యోగం కావాలని నాన్నగారికి అనిపించింది గానీ నాకు ఎప్పుడూ అనిపించలేదు. కుక్కర్ కూత వద్దని గిన్నెలో అన్నం వారుస్తున్నాను, దాంతో ఒక్క కూర. మొన్న లచ్చక్క గడపలోంచి గుసగుసగా అడిగింది.

"పనేం లేదా బిడ్డా?"

"లేదక్కా."

"మంచిగైంది. రా, గీ చింతచిగురు ఏరు."

ఇద్దరం మాట్లాడుకోకుండా ఏరాం.

ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. ఆరేసిన బట్టల మీద బొగ్గుదుమ్ము. జ్వరం లేదు, నిజంగా లేదు. ఒక్కోసారి నువ్వు కలిపిచ్చే ముద్ద, మన కాలవగట్టు మీద గాలి గుర్తొస్తాయి. కాసేపు ఏడిచి లేస్తాను. అంతే. ఎవరైనా ఇటు వస్తుంటే కందిపొడి, నువ్వుల పొడి పంపు, మిక్సీ వెయ్యక్కర్లేకుండా.

ఈ వారం సమ్మయ్యన్నకు పొద్దుటి షిఫ్టు. నిన్న ఎదురుపడి, "ఏం మేడమ్, పాఠం బంద్ పెట్టినవ్? కరెంటు పాఠం సగంలనే ఉన్నది నాది" అన్నాడు.

ఇక అసలు సంగతి. ఒకటో తారీఖు నుంచి నేను హైదరాబాద్‌లో పూర్తి రోజు ఉద్యోగానికి వస్తానని అన్నయ్య ఆ కంపెనీవాళ్లకు మాటిచ్చాడని వదిన చెప్పింది. నా మంచి కోరే ఇచ్చాడు. మంచి ఉద్యోగమే. ఈసారి కాదంటే వాళ్లు మళ్లీ పిలవరని కూడా తెలుసు. మూడు రోజులు ఆలోచించాను.

నాన్నగారికి, అమ్మమ్మకు నా నమస్కారాలు చెప్పు. పాపను నా బదులు ఎత్తుకో. అన్నయ్యకు ఈ ఉత్తరం నువ్వే చదివి వినిపించు. నీ దీవెన ఎప్పటిలాగే కావాలి.

ఒకటో తారీఖున నేను హైదరాబాద్ వెళ్లను. పొద్దున కాలేజీలో పాఠం చెబుతాను. మధ్యాహ్నం ఏ పనీ పెట్టుకోను.

నీ కూతురు,
సుధ