బావి ఎండిన కథ

పుణె,
6 ఫిబ్రవరి 1992

బాపుకు,

ఇక్కడి నుంచే నీ కాళ్లకు మొక్కి సరోజ రాసేది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఈ ఉత్తరం చెల్లె విమల చేత చదివించుకో.

పర్యావరణ చరిత్ర అంటే ఏం చదువని నువ్వు అడిగితే, నీళ్లనూ నేలనూ మనుషులు ఏం చేశారో చెప్పే చరిత్ర అన్నాను. నీళ్లకు కూడా చరిత్ర ఉంటుందా అని నవ్వావు. నా థీసిస్‌కు మన సోలాపూర్ భవాని పేట్ సందులోని బావినే తీసుకున్నాను కదా. దీపావళి సెలవుల్లో టేప్ రికార్డర్ ముందు పెడితే, పెళ్లికొడుకులా సర్దుకుని కూర్చుని చెప్పావు: "డెబ్బై రెండుల దుష్కాళం వడ్డది, బావి ఎండింది." ఆ మాట మొదటి అధ్యాయంలోనే పెట్టాను. మా సార్ మెచ్చుకున్నారు కూడా.

పోయిన నెల వచ్చినప్పుడు పక్కింటి చంద్రభాగత్తను అడిగాను. ఆ కరువులో మన సందులో నీళ్లున్నది ఆ బావిలోనేనట. కానీ బొక్కెన పైకొస్తే మన కార్ఖానాలో ఆ రోజు నూలుకు ఏ రంగు వేస్తున్నారో తెలిసేదట. "మీ బాపు రంగునీళ్లు బావి పక్క గుంతల పోసేటోడు. మేము పోయి ట్యాంకర్ కాడ నిలవడ్డం" అంది.

నువ్వు నాకు అబద్ధం చెప్పావని చాలా ఏడ్చాను బాపూ. కోపం మాత్రం నిలవలేదు, ఆ రంగుల మీదే కదా నేను చదువుకున్నాను. ఇరవయ్యో తేదీకి థీసిస్ ఇవ్వాలి. నిజం రాస్తే నీ పరువు నా చేత్తో తీసినట్టు. రాయకపోతే ఈ చదువే దండగ. అన్నీ వదిలేసి ఇంటికి వచ్చేద్దామనుకుంటున్నాను. ఏం చేయమంటావో రాయించు.

నీ బిడ్డ
సరోజ

సోలాపూర్,
13 ఫిబ్రవరి

అక్కా,

ఎవరూ లేనప్పుడు చదవమన్నావు గానీ, బాపు అమ్మను కూడా పిలిచి కూర్చోబెట్టుకున్నాడు. రెండుసార్లు చదివించుకున్నాడు. ఆ పూట అన్నం తినలేదు. ఇరవై ఏళ్ల కిందటి సంగతి ఇప్పుడెందుకు తవ్వావని నిన్ను బాగా తిట్టుకున్నాను.

సందు చివర బోరింగు పక్కన పెంటప్ప కొత్తగా రంగుల కార్ఖానా పెడుతున్నాడు. నీళ్లు వదలడానికి గుంత తవ్విస్తున్నాడు. మర్నాడు బాపు అక్కడికి వెళ్లి, ఇక్కడ వద్దని చెప్పాడట. పెంటప్ప నవ్వి, "గుంతతోని ఏమైతది మామా? మీ బావి గూడ దుష్కాళంల ఎండిందే గద" అన్నాడట. బాపు నేరుగా ఇంటికొచ్చాడు.

వచ్చి నన్ను కాగితం తీయమన్నాడు. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాడు.

"బావి ఎండలేదు బిడ్డా. నేనే ఖరాబ్ చేసిన. అందరు దుష్కాళం అంటుంటె నేను గూడ అదే అన్న. అనంగ అనంగ నాకే నిజమనిపించింది. నా పేరు దాయకు, దత్తాత్రి అనే రాయి. థీసిస్ ఇచ్చినంకనే ఇంటికి రా. నెలాఖరు ఆదివారం మన సందోళ్ల సంఘం మీటింగుంది. అందరి ముంగట లేచి చెప్త. నాకు భయమైతుంది, నువ్వు పక్కకుండాలె."

బాపు నోట భయం అన్న మాట నేనెప్పుడూ వినలేదు. థీసిస్ ఇచ్చి, మీటింగు ముందు శనివారమే బయల్దేరి రా.

నీ చెల్లె
విమల