ప్రస్తుతం ఎక్కడ చేస్తున్నారు

ఆగస్టు 4, సోమవారం

నా ఉద్యోగ పర్వంలో నేడు మరో ఘట్టం. మడికొండ ఐటీ పార్కులోని ఒక కంపెనీ నుంచి స్నేహలత అనే హెచ్‌ఆర్ ఫోన్ చేసింది. ఆన్‌లైన్ టెస్టులో నా స్కోరు అదిరిందట. మా కొత్తవాడ నుంచి బండి మీద పోయి రావచ్చు. ఉబ్బిపోయాను.

తర్వాత అడిగింది, ప్రస్తుతం ఎక్కడ చేస్తున్నారని. పోయినేడు హైదరాబాద్ కంపెనీ మా టీమ్ మొత్తాన్నీ తీసేసిందని చెప్పాను. ‘మొత్తాన్నీ’ అనే మాట రెండుసార్లు అన్నాను. ఆమె గొంతు చల్లబడింది. జాబ్‌లో ఉన్నవాళ్లనే తీసుకోవాలని పాలసీ అట.

అంటే ఉద్యోగం ఉన్నవాడికే ఉద్యోగం. నిండిన బిందె చూసుకుని నీళ్లు పోస్తారన్నమాట.

మనిషి మంచిదే. ఇంటి బిజినెస్ లాంటిదేదైనా చూసుకుంటున్నట్టుంటే రెజ్యూమె మార్చి పంపమంది. థాంక్యూ మేడమ్ అన్నాను. ఇంటి బిజినెస్ అట!

ఆగస్టు 5

మా భరత్ ఇంట్లోంచే కంపెనీ పని చేస్తున్నాడని అమ్మ పక్కింటి మల్లక్కకు చెబుతుంటే విన్నాను. వెంటనే లాప్‌టాప్ తెరిచి టకటకా కొట్టాను, మల్లక్కకు వినపడేలా. తర్వాత చూస్తే స్క్రీన్ నిండా చెత్త. సేవ్ చేయాలా అని అడిగింది కూడా.

ఆగస్టు 7, గురువారం

జాతీయ చేనేత దినోత్సవం. ఆ శుభ సందర్భాన్ని పురస్కరించుకుని నన్ను నేనే మా బాపు మగ్గం మీద నియమించుకున్నాను.

ఐడియా నా దోస్తు ఓంప్రకాశ్‌ది. మా ముందు గదిలో బాపు జంపఖానాలు నేసే గుంత మగ్గం ఉంది. ఒకే ఒక్కటి. రెజ్యూమెలో అది బాపు పేరు మీద పండరి హ్యాండ్లూమ్స్ అయ్యింది, నేను ఆపరేషన్స్ మేనేజర్‌నయ్యాను. ఓనర్‌గా బాపు పేరు, బాపు ఫోన్ నంబరు.

ఆయనకు చెప్పి ఉంచాలి. కానీ చిన్నప్పుడు ఆడుకుంటూ మగ్గం గుంతలో దిగితే నా వీపు విమానం మోత మోగించిన మనిషాయన. ఈ గుంత నాతోనే ఆఖరని వాడకట్టంతా చెప్పుకున్నాడు. ఆయన దగ్గరికి పోయి, నేను నీ దగ్గర మగ్గం పని చేస్తున్నానని చెప్పు బాపు అని ఎట్లా అడగను?

రేపు అడుగుతా.

ఆగస్టు 8

అడగలేదు.

ఆగస్టు 11, సోమవారం

ఇంటర్వ్యూ. బాపు నూలు కట్టుకొచ్చే సైకిల్‌ను లాజిస్టిక్స్ అన్నాను. కండెలకు నూలు చుట్టే అమ్మను వర్క్‌ఫోర్స్ అన్నాను. ప్యానెల్ వాళ్లు పగలబడి నవ్వారు, నేనూ నవ్వాను. సెలెక్ట్ అన్నారు. వెరిఫికేషన్ అయితే ఆఫర్ లెటర్.

ఇంటికి వచ్చేటప్పటికి ఆ లాజిస్టిక్స్, వర్క్‌ఫోర్స్ నా కోసం అన్నం తినకుండా కూర్చుని ఉన్నారు. ఇక ఏ మొహంతో చెప్పను? లెటర్ రానీ, అంతా ఒకేసారి చెబుదామనుకున్నాను.

ఆగస్టు 13, బుధవారం, మధ్యాహ్నం 3

బాపు నవ్వుకుంటూ లోపలికి వచ్చాడు. ఎవరో ఆడమనిషి ఫోన్ చేసిందట. భరత్ మీ దగ్గర పనిచేస్తున్నాడా, జీతమెంత, నడవడి ఎట్లాంటిది అని అన్నీ అడిగిందట. శ్రావణమాసంలో పిల్లగాడి గురించి ఇంత ఆరా తీసేదెవరు? పిల్ల తరఫు వాళ్లే. మగ్గం నేసేవాడికి మా కులంవాళ్లే పిల్లనివ్వడం లేదు కాబట్టి ఇట్లా అడ్డం తిప్పి అడుగుతున్నారని బాపుకు అర్థమైపోయింది. ఆయన ఇచ్చిన జవాబు, ఆయన నాకు చెప్పినట్టే:

“మావోడు మగ్గం ముట్టుడేంది మేడం, దాని మొకం గూడ సూడడు. హైదరాబాద్‌ల పెద్ద కంపెనీల చేస్తాండు. మగ్గం నేస్తడని ఎవలన్న జెప్తే నమ్మకున్రి.”

థాంక్యూ అందట. మళ్లీ కాంటాక్ట్ చేస్తామందట. ఆ మాటకు అర్థమేమిటో నాకు ఏడాదిగా తెలుసు. బాపు ఇవాళే మొదటిసారి విన్నాడు. ఆదివారం వస్తారని అమ్మకు చెప్పేశాడు.

సాయంత్రం 6

మెయిల్ వచ్చింది. నేనిచ్చిన వివరాలు ఓనర్ చెప్పిన వాటితో సరిపోలేదట. రెండు లైన్లు. ఓంప్రకాశ్‌కు ఫోన్ చేస్తే పడీ పడీ నవ్వాడు, తర్వాత నవ్వలేదు.

నా అబద్ధాన్ని బాపు అబద్ధం వచ్చి గుద్దేసింది. రెండూ నా గురించినవే. నాది మాత్రం ఆయన పరువు తీసేది.

ఆగస్టు 16, శనివారం

బాపు మగ్గం ఆపేశాడు. వచ్చేవాళ్లకు కనబడకుండా దుప్పటి కప్పుతుంటే రెండో కొస నేను పట్టుకున్నాను. పట్టుకుని కూడా చెప్పలేదు.

ఆగస్టు 17, ఆదివారం

అమ్మ సర్వపిండి చేసింది. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో కుర్చీ వేసుకున్నాడు. గల్లీలోకి బండి వస్తే చాలు, నిటారుగా కూర్చునేవాడు. నేను జోకులు వేస్తూనే ఉన్నాను. అమ్మ నవ్వింది. పొద్దు వాలాక బాపు నా తల వైపు చూశాడు.

“జర మంచిగ దువ్వుకో బిడ్డా. దూరంకెల్లి వచ్చేటోళ్లు, లేటైతది.”

దువ్వుకోవడానికి లోపలికి పోయాను. అద్దంలోకి చూడకుండానే దువ్వుకున్నాను.

ఆగస్టు 18, సోమవారం

చెప్పేశాను, మొత్తం.

బాపు, “అయితే పిల్ల లేదా?” అన్నాడు.

లేదన్నాను.

ఆ ఆడమనిషి నంబరు కలపమన్నాడు. నా కొడుకు నా దగ్గరే మగ్గం పని చేస్తాడని చెబుతాడట. గొంతు సవరించుకున్నాడు. కలిపి ఇచ్చాను.

రింగయినంతసేపూ, అవతల ఎవరూ ఎత్తొద్దని మొక్కుకున్నాను.